పదేళ్లు బీడు పడిన పది సెంట్ల పెరడు: రోటవేటరు కొట్టించాక తుంగ పెరడంతా పాకింది, ఇప్పుడు కూరగాయలు ఎలా వేయాలి?

బీకేసముద్రం_పెరడు · మే 27
అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రంలో మా అత్తగారి పాత ఇంటి వెనక పది సెంట్ల పెరడు ఉంది. మామగారు ఉన్నన్నాళ్లు అక్కడ వంగ, మిరప, గోరుచిక్కుడు పండేవి. ఆయన పోయిన తరువాత పదేళ్లుగా అందులో ఎవరూ పార పెట్టలేదు. ఈ ఏడు మేము బెంగళూరు వదిలి ఇక్కడికే వచ్చేశాము కాబట్టి దానిని మళ్లీ తోటగా చేయాలనుకున్నాను. తలుపు తెరిచి చూస్తే నడుమెత్తు వయ్యారిభామ, మూలమూలనా సర్కారు తుమ్మ, మధ్యలో ఎవరో పారేసిన పగిలిన సిమెంటు తొట్లు కనిపించాయి. మే మొదటి వారంలో మంచి వాన పడగానే, పదును దొరికింది కదా అని ట్రాక్టరు పిలిపించి రెండుసార్లు రోటవేటరు కొట్టించాను. నేల జల్లించిన పిండిలా తయారైందని ఫోటో తీసి బంధువులందరికీ పంపాను కూడా. ఎండకు మట్టి ఎగిరిపోతుందేమోనని రోజు విడిచి రోజు బోరు నీళ్లు కూడా పట్టాను. ఈ రోజు చూస్తే, మునుపు పడమటి గోడ వారన మాత్రమే ఉన్న తుంగ పెరడంతా పచ్చగా లేచి నిలబడింది. పీకితే ఆకు చేతికి వస్తున్నది, గడ్డ మాత్రం లోపలే ఉండిపోతున్నది. ట్రాక్టరు అబ్బాయి గానీ, చూడవచ్చిన పెద్దవాళ్లు గానీ ఒక్క మాట ముందుగా చెప్పలేదు. మృగశిర కార్తె లోపల నేను ఏమైనా విత్తగలనా, లేక ఈ ఏడాదికి ఆశ వదులుకోవాలా?

రేగడి_అన్న · మే 27
మిగిలిన కలుపుల సంగతి ఎలా ఉన్నా, తుంగ ఉన్న నేలలో రోటవేటరు విత్తనం చల్లే యంత్రమే అవుతుందక్కా. భూమిలో తుంగగడ్డలు దారానికి గుచ్చిన పూసల్లా సన్నని వేళ్లతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. ఆ గొలుసు తెగనంతవరకు చాలా గడ్డలు నిద్రలోనే ఉండిపోతాయి. గొలుసు ముక్కలైతే ఏ గడ్డకా గడ్డ మొలుస్తుంది. మీ రోటవేటరు ఆ గొలుసులను తెంచి, గోడ వారన ఉన్న ఆస్తిని పది సెంట్లకూ సమానంగా పంచిపెట్టింది. పత్తికొండ దగ్గర మా నల్లరేగడిలో నేనూ ఇదే పని చేసి, ఒక పంటకారు ఉల్లిగడ్డల డబ్బంతా కలుపు కూలికి ధారపోశాను.

జొన్నరొట్టె_ఎర్రకారం · మే 27
పందులు తుంగగడ్డలను ఎంతో ఇష్టంగా తవ్వుకొని తింటాయి కాబట్టి నాలుగు పందులను వారం రోజులు పెరట్లోకి తోలండి. వాటిని తిరిగి బయటికి పంపడం ఎలాగో ఇంకో చర్చ మొదలుపెట్టి అడగవచ్చు.

బీకేసముద్రం_పెరడు · మే 27
పై సలహాను మా అత్తగారికి చదివి వినిపించాను. పందులు లోపలికి వస్తే తాను బెంగళూరు బస్సు ఎక్కుతానని ఆమె తేల్చి చెప్పారు. వేరే మార్గం చెప్పండి.

పాత_పంతులు · మే 28
తప్పు రోటవేటరుది మాత్రమే కాదు, అది నడిచిన సమయానిది కూడా. రేగడి_అన్న చెప్పిన గొలుసు సంగతి నిజమే. అయితే ఆ గడ్డకు నీడలో, తడిలో ఎంత ప్రాణమున్నా ఎండకు తట్టుకునే శక్తి లేదు. మా పెద్దలు వేసవి దుక్కి అని చేసేది ఇందుకే. నేల పొడిగా ఉన్నప్పుడు లోతుగా దున్ని పెళ్లలను తిరగవేస్తే, గడ్డలు పైకి వచ్చి ఎండి చచ్చిపోతాయి. మీరు వాన పదునులో దున్నించి, పైగా నీళ్లు పట్టారు కాబట్టి తెగిన ప్రతి గడ్డకూ బాలింత పథ్యం దొరికినట్లయింది.

తాడిపత్రిలో మా ఇంటి వెనక నేను చేసిన చిన్న పరీక్ష చెబుతాను. ఒక చదరపు గజం నేలను జానెడు లోతు తవ్వి, ఇసుక జల్లెడతో మట్టిని జల్లించి, దొరికిన గడ్డలను లెక్కపెడితే 140 పైచిలుకు తేలాయి. సగం గడ్డలను మిద్దె మీద గోనెసంచిపై పరిచాను, సగం మెట్ల కింద నీడలో ఉంచాను. పన్నెండు రోజుల తరువాత మిద్దె మీది గడ్డను గోటితో గిల్లితే, తెల్లగా ఉండవలసిన లోపలి భాగం గోధుమరంగుకు తిరిగి బెండులా పొడి రాలింది. రెండు రకాల గడ్డలనూ ఇరవై చొప్పున తడిగుడ్డలో చుట్టి పెట్టాను. నీడలో ఉన్నవాటిలో పదిహేడు మొలిచాయి, ఎండిన వాటిలో ఒక్కటి కూడా మొలవలేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఇంకా పది రోజులుంది కాబట్టి, ఈ క్షణమే నీళ్లు ఆపి, ఆ ఎండను వాడుకోండి.

కడప_మిద్దెతోట · మే 28
పంతులు సార్ చెప్పినట్లు పది సెంట్లు తవ్వి జల్లించాలంటే ఈ ఎండలో మనిషే గోధుమరంగుకు తిరుగుతాడు. నేలను తడిపి, పలుచని పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులను మట్టితో పూడ్చి ఆరు వారాలు వదిలేస్తే లోపలి వేడికి కలుపు విత్తనాలు చచ్చిపోతాయి. వేరు బుడిపెలు తెచ్చే నులిపురుగులు కూడా తగ్గుతాయి. చాలామంది నల్ల పట్టా పరుస్తారు గానీ, నల్లది వెలుతురును అడ్డుకుంటుందే తప్ప మట్టిని పారదర్శకమైన పట్టా అంతగా వేడెక్కించదు.

పాత_పంతులు · మే 28
పట్టాతో విత్తనాలు చచ్చే మాట నిజమే, కానీ తుంగకు అది పూర్తి మందు కాదు. లోతున ఉన్న గడ్డలు ఆ వేడికి చావవు, సూదిలాంటి మొలకతో పట్టాను పొడుచుకొని పైకి వస్తాయి. పైగా పది సెంట్లంటే 484 చదరపు గజాలు. అంత పట్టా కొనే డబ్బుతో ఏడాది పొడవునా అంగడి కూరగాయలు తినవచ్చు. కావాలంటే ఆకుకూరల మడి వరకు పరుచుకోండి.

గుంటకల్లు_గడారి · మే 29
ఇన్ని కష్టాలెందుకో నాకు అర్థం కావడం లేదు. గ్లైఫోసేట్ కలుపుమందు ఒక్కసారి కొడితే గడ్డతో సహా మాడిపోతుంది.

రేగడి_అన్న · మే 29
2022లో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని ఆంక్ష పెట్టింది కాబట్టి ఇంటి పెరట్లో మన చేత్తో కొట్టుకునే మందు కాదది. అదీకాక మందు పచ్చని ఆకు నుంచి గడ్డకు దిగుతుంది, ఆకు లేకుండా నిద్రలో ఉన్న గడ్డను ముట్టుకోదు. ఒక్కసారితో మాడిపోతుందని చెప్పిన దుకాణదారు నాకు ఆ పంటకారులోనే మూడుసార్లు మందు అమ్మాడు.

గుంటకల్లు_గడారి · మే 29
నా పేరులోనే గడారి ఉంది కాబట్టి ఇక తవ్వడమే మంచిదని ఒప్పుకుంటాను.

అనంత_పల్లీ · మే 30
అందరూ తుంగను పట్టుకొని వయ్యారిభామను మరిచిపోయారు. రోటవేటరుకు చిక్కని గోడ వారన, తుమ్మల మొదట్లో అది ఇంకా నిలిచే ఉంటుంది. పది సెంట్లలో ఒక్క మొక్క పూసినా వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది కాబట్టి పూతకు రాకముందే వేరుతో పీకండి. ఒట్టి చేతులతో పీకకండి. మా తమ్ముడికి మోచేతుల దాకా దద్దుర్లు లేచి, రెండు నెలలు పూర్తి చేతుల చొక్కాతో తిరిగాడు.

ఈ మొక్క పంటలకు ఎందుకు ప్రమాదమో మన జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 2000వ సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తుడిచిపెట్టింది. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మా నాన్న ఆ ఏడు పశువుల మేతకు శనగకట్టె కూడా ఇంటికి తేలేదు. తరువాత శాస్త్రవేత్తలు తేల్చిందేమంటే, ఆ వైరస్ వయ్యారిభామలో పైకి ఏ లక్షణమూ కనపడకుండా దాగి ఉంటుంది. దాని పుప్పొడి తామర పురుగుల వెంట పంట ఆకు మీదికి చేరుతుంది, పురుగు ఆకును గీరిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. పంటకు ఆ పూత పుప్పొడే శత్రువు కాబట్టి, గోడకు అవతల వీధిలో ఉన్న మొక్కలు కూడా మీవే అనుకొని పీకండి. మడి చుట్టూ మూడు నాలుగు సాళ్లు జొన్న దగ్గరగా విత్తితే గాలిలో వచ్చే తామర పురుగులను కొంత అడ్డుకుంటుంది.

కడప_మిద్దెతోట · మే 30
లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండలో కొడితే వయ్యారిభామ మాడిపోతుందని మేము రోడ్డు పక్కన చేసి చూశాము, నిజంగానే మాడింది.

అనంత_పల్లీ · మే 30
రోడ్డు పక్కన సరేనక్కా, పెరట్లో వద్దు. మన బోర్లు ఇప్పటికే ఉప్పు తోడి పోస్తున్నాయి, మనం సంచితో తెచ్చి కలపడం ఎందుకు?

బీకేసముద్రం_పెరడు · జూన్ 2
నీళ్లు ఆపేశాను. నిన్న, మొన్న ఇద్దరు కూలీలు, మా ఆయన, నేను కలిసి రెండు సెంట్లు మాత్రం పారతో జానెడు లోతు తవ్వి పెళ్లలు తిరగవేశాము. పంతులు గారి పరీక్ష నేనూ మొదలుపెట్టాను, మా మిద్దె నిండా ఇప్పుడు తుంగముస్తల వాసన. ఎదురింటి పెద్దాయన దానిని చూసి, వీటిని ఎండబెట్టి ఆయుర్వేద అంగడికి అమ్ముకుంటే కూలి గిట్టుబాటవుతుందని సలహా ఇచ్చారు. సర్కారు తుమ్మ మొద్దులను కొట్టివేశాము కానీ వారం తిరక్కముందే మొదట్లో చిగుళ్లు వస్తున్నాయి.

రేగడి_అన్న · జూన్ 2
నేలమట్టానికి కొడితే తుమ్మ చావదు, ఒక కొమ్మకు పది కొమ్మలు వేస్తుంది. చిగురు వేసే కణుపులు కాండం, వేరు కలిసేచోట మట్టి కిందనే ఉంటాయి కాబట్టి, మొదలు చుట్టూ మూర లోతు గుంత తీసి, ఆ ముడిని గడారితో పెకలించాలి. కంపను చేతితో ఎత్తకండి, పంగల కర్రతో తోయండి. ఆ ముల్లు చెప్పు అట్టను కూడా దూసుకొని వస్తుంది.

పెన్న_ఒడ్డు · జూన్ 3
పదేళ్లు మనిషి అడుగుపెట్టని పెరట్లో పగిలిన తొట్ల కింద చేయి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడండి. మా జమ్మలమడుగులో అలాంటి తొట్టి కిందనే రక్తపింజరి బయటపడింది. చీకటి పడిన తరువాత టార్చి లేకుండా అటు పోవద్దు.

రేగడి_అన్న · జూన్ 4
మిగతా ఎనిమిది సెంట్లలో గొర్రెల మంద కట్టించండి. రెండు రాత్రులు పడుకుంటే చాలు, బండ్లకొద్దీ దిబ్బ ఎరువు తోలిన దానితో సమానం.

పెన్న_ఒడ్డు · జూన్ 4
ఇప్పుడు మాత్రం వద్దు. వేసవిలో గొర్రెలు, మేకలు సర్కారు తుమ్మ కాయలు తిని కడుపు నింపుకుంటాయి. గట్టి గింజ అరగకుండా పెంటికతోనే బయటపడి, మరింత బాగా మొలుస్తుంది. నేను రెండేళ్ల కింద మే నెలలో మంద కట్టించి, ఆ వానకాలమంతా తుమ్మ మొలకలు పీకుతూ కూర్చున్నాను. మంద కావాలంటే కాయలు లేని కాలంలో కట్టించుకోవాలి, లేదా ఎరువును కుప్ప వేసి బాగా మాగనిచ్చి తోలుకోవాలి.

రేగడి_అన్న · జూన్ 4
మా రేగడి వైపు మందలు శనగ కోసిన తరువాత వస్తాయి కాబట్టి నాకు ఆ అనుభవం లేదు. ఒప్పుకుంటున్నాను.

కర్నూలు_గోంగూర · జూన్ 6
నేను మీ అందరికన్నా సోమరిని కాబట్టి నా మాట కూడా వినండి. పది సెంట్లూ ఒకే ఏడాది బాగుచేయాలన్న పట్టుదలే ఈ కష్టానికి మూలమని నా అభిప్రాయం. ఇద్దరు మనుషులు పొద్దున గంట, సాయంత్రం గంట పనిచేస్తే రెండు సెంట్లను శుభ్రంగా ఉంచగలరు, మూడో సెంటు దగ్గర కలుపు గెలుస్తుంది. నేను కల్లూరులో తోట మొదలుపెట్టినప్పుడు ఆరు సెంట్లు ఒకేసారి తవ్వి, నెల తిరక్కముందే నాలుగు సెంట్లు అడవికి తిరిగి అప్పగించాను.

మిగతా నేలను ఖాళీగా ఉంచకండి. తుంగకు నీడ పడదు, దాని మీద ఆకు కప్పితే అది చిక్కిపోతుంది. తొలకరి పదునుకు నాలుగు సెంట్లలో జనుము ఒత్తుగా చల్లి, పూతకు వచ్చే నలభై, నలభై ఐదో రోజున కోసి మట్టిలో కలిపితే నేలకు బలం వస్తుంది. కిలో జనుములు చాలు. తక్కిన నాలుగు సెంట్లలో గెనుసుగడ్డ తీగ పాకించండి. ఆ తీగ నేల కనపడకుండా కప్పేస్తుంది, నాలుగు నెలలకు గడ్డలు తవ్వేటప్పుడు నేలను ఎలాగూ తవ్వక తప్పదు కాబట్టి దానితోపాటే తుంగగడ్డలను కూడా ఏరుకోవచ్చు. ఒక్క తవ్వకానికి రెండు గడ్డలు.

జొన్నరొట్టె_ఎర్రకారం · జూన్ 6
చీకట్లో తవ్వి ఏది ఉడకబెట్టాలో తికమకపడకుండా ఉంటే చాలు.

బీకేసముద్రం_పెరడు · జూన్ 9
మండలంలోనే ఉన్న రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి, బోరు నీళ్లు చూపించాము. మాది గరపకు దగ్గరగా ఉండే ఎర్రనేల, సేంద్రియ పదార్థం చాలా తక్కువ, నీళ్లలో ఉప్పు ఒక మోస్తరుగా ఉంది. ఈ నీటికి ఏ కూరలు నిలుస్తాయో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అనంత_పల్లీ · జూన్ 9
గోరుచిక్కుడు, పాలకూర ఉప్పును బాగా తట్టుకుంటాయి, అలసంద కూడా ఫరవాలేదు. బీన్సు, క్యారెట్, ఉల్లి మాత్రం ఆ నీటికి ముఖం వేలాడేస్తాయి. అప్పుడప్పుడు పడే వాననీరు మడిలోనే ఇంకేటట్లు గెనాలు ఎత్తుగా వేసుకోండి. మన జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరులలోనే పడుతుంది.

పాత_పంతులు · జూన్ 10
ఎర్రనేలలో ఇంకో చిక్కు ఉంది. విత్తిన వెంటనే గట్టివాన పడి ఎండ కాస్తే పైన పెంకు కడుతుంది, సన్నని మొలకలు దానిని చీల్చుకొని రాలేవు. రెండు సెంట్లకు రెండు క్వింటాళ్లకు తగ్గకుండా మాగిన దిబ్బ ఎరువు కలపండి, విత్తిన మడి మీద ఎండు గడ్డి పలుచగా పరవండి, మొలక కనపడిన సాయంత్రం ఆ గడ్డి తీసివేయండి. బుక్కరాయసముద్రం చెరువు పక్కనే ఉంది కాబట్టి, అనుమతితో పూడిక మట్టి తీస్తున్నప్పుడు ఒక ట్రాక్టరు తోలించుకుంటే గరపనేలకు అంతకన్నా మేలు లేదు.

కర్నూలు_గోంగూర · జూన్ 10
చెరువు మట్టితో వచ్చే తుంగను కూడా లెక్కలో వేసుకోమని పంతులు సార్ చెప్పలేదు.

పాత_పంతులు · జూన్ 10
మన్నించాలి, ఆ మాట రాయడం మరిచాను. ఆ మట్టిని కూడా ముందు వేసవి ఎండలో పరిచి ఆరబెట్టాలి.

బీకేసముద్రం_పెరడు · జూలై 21
చాలారోజులుగా రాయలేదు. మిద్దె మీది పరీక్షలో ఎండిన గడ్డలు ఇరవైలో ఒకటి మొలిచింది. అది గోనెసంచి మడతలో ఇరుక్కున్న గడ్డ అని మా ఆయన సాక్ష్యం చెబుతున్నారు. తవ్వి ఎండబెట్టిన రెండు సెంట్లలో మృగశిరలోనే వాన పడ్డాక గోంగూర, గోరుచిక్కుడు, అలసంద, పాలకూర వేశాను. చుట్టూ మూడు సాళ్ల జొన్న నడుమెత్తు వచ్చింది. తుంగ పూర్తిగా పోలేదు. ప్రతి మూడో రోజు పొద్దున ఒక గంట తొలికతో గడ్డతో సహా తీస్తే ఇప్పుడు ఒక చిన్న గంప నిండుతున్నది. జూన్‌లో ఆ గంప మూడుసార్లు నిండేది.

పాలకూర మీకు చూపించలేను, మొలిచిన నాలుగో రోజే పక్కింటి కోళ్లు గోడ దూకి వచ్చాయి.

జొన్నరొట్టె_ఎర్రకారం · జూలై 21
పందుల విషయంలో నా మాట వినలేదు, కోళ్ల విషయంలో మీ మాట అవి వినలేదు.

కడప_మిద్దెతోట · జూలై 22
జనుము ఎలా ఉంది?

బీకేసముద్రం_పెరడు · జూలై 22
పూత మొదలైంది, అందులోకి నడిస్తే కనపడనంత ఎత్తు పెరిగింది. నిన్న వంగి మొదట్లో చూశాను. నీడన లేచిన తుంగ దారంలా సన్నగా, పాలిపోయి పడుకొని ఉంది. ఈ ఆదివారం కోసి కలిపేస్తాము. ఇక్కడ చదివిన బుద్ధి వచ్చింది కాబట్టి రోటవేటరు లేదు, పారలే.

రేగడి_అన్న · జూలై 22
కలిపిన తరువాత రెండు మూడు వారాలు కుళ్లనివ్వండి, వెంటనే విత్తితే మొలక దెబ్బతింటుంది. ఆ నేలలో అనప విత్తండి. అది పగలు తగ్గి చలి మొదలైతేనే పూస్తుంది కాబట్టి ఆగస్టులో విత్తినా ముక్కోటినాటికి మీకు అనపగింజల పులుసు దొరుకుతుంది.

బీకేసముద్రం_పెరడు · అక్టోబరు 30
గోంగూర నాలుగుసార్లు కోశాము. గోరుచిక్కుడు అయిపోవచ్చింది. అలసందకు పేనుబంక పట్టి సగం పోయింది, వేపగింజల కషాయం రెండుసార్లు కొట్టాక మిగతా సగం నిలిచింది. అనప మోకాలెత్తు దాటింది. గెనుసుతీగ నాలుగు సెంట్లనూ కప్పేసింది, మొన్న పడిన వానలకు ఒక మూల తవ్వి చూస్తే నా పిడికిలంత గడ్డ ఒకటి, దానిని సూదిలా పొడుచుకొని అవతలికి పోయిన తుంగ వేరు ఒకటి బయటపడ్డాయి. ఆ గెనుసుగడ్డను అత్తగారు బొగ్గుల మీద కాల్చి, తుంగ పొడిచిన రంధ్రం దగ్గర గిల్లి పారేసి, మిగతాది తిన్నారు. మామగారి కాలంలో కూడా పడమటి గోడ వారన తుంగ ఉండేదని, ఆయన అక్కడ ఎప్పుడూ ఏమీ వేయకుండా కుర్చీ వేసుకొని కూర్చునేవారని ఇప్పుడు చెబుతున్నారు.

కర్నూలు_గోంగూర · అక్టోబరు 30
నా సోమరితనానికి ఇన్నాళ్లకు ఒక గురువు దొరికారు. మీ గోంగూర ఎర్రకాడదా, తెల్లకాడదా? ఎర్రకాడదైతే నాకు చారెడు విత్తనాలు కావాలి.

బీకేసముద్రం_పెరడు · అక్టోబరు 31
ఎర్రకాడదే. తూర్పు గెనెం మీద నాలుగు మొక్కలను కోయకుండా విత్తనానికి వదిలాను, సంక్రాంతికి కాయలు ఎండుతాయి. గుడ్డ సంచిలో కట్టి పంపిస్తాను, మట్టి మాత్రం పంపను.